లోరినోలో ఆరు రాత్రులు: ఇంటికి నాలుగున్నర నక్షత్రాలు, దళారీకి ఒకటి

డప్పుల మోత, తోలు బట్టల్లో స్వాగతం, రెయిన్‌డీర్ బండి మీద కూర్చుని ఫోటో కావాలనుకునేవాళ్ళు ఈ బస జోలికి వెళ్ళకండి. ఆ డబ్బుతో ఇంకెక్కడికైనా వెళ్తే సుఖపడతారు. ఇది రష్యా ఈశాన్య కొసన, లోరినో అనే చుక్చాల ఊళ్ళో మూడు గదుల కాంక్రీటు ఫ్లాటు. ఫ్రిజ్ నిండా తిమింగలం మాంసం ఉంటుంది, టీవీ ఎప్పుడూ మోగుతూ ఉంటుంది, తెల్లారి అయిదింటికి ఎవరో ఒకరు తలుపు కొట్టి ఇంజనాయిల్ అడుగుతారు. నాకు మాత్రం తెగ నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే నేనెవరో కొంచెం చెప్పుకోవాలి.

మాది ఉప్పాడ. మా నాన్న వేటకెళ్ళేవాడు, ఇప్పుడు మా అన్న వెళ్తున్నాడు. మా వైపు సముద్రం మీదకి పోవడాన్ని చేపలు పట్టడం అనరు, వేట అనే అంటారు. నేను ఆ వేట తప్పించుకుని నాలుగక్షరాలు చదువుకుని, కాకినాడ రొయ్యల్ని రష్యావాళ్ళకి అమ్మిపెట్టే పనిలో పడి, ఏడేళ్ళుగా మాస్కోలో ఉంటున్నా. చుక్చాలంటే ఆ ఈశాన్య కొసలో ఉండే ఒక తెగ. ఇక్కడ మాస్కోలో మాత్రం చుక్చా అంటే ఒక జోకు. మన దగ్గర సర్దార్జీ జోకులు ఎలాగో అలాగ. మా ఆఫీసులో టీ తాగే చోట వారానికి రెండైనా వినపడతాయి. అమాయకుడైన చుక్చా ఒకడు పట్నం వస్తాడు, ప్రతి మాటకీ 'అద్నాకా' (అయితే మాత్రం) అంటాడు, అందరూ నవ్వుతారు. ఒకరోజు నవ్వుతూ నవ్వుతూ నాకే సందేహం వచ్చింది, వీళ్ళలో ఒక్కడైనా చుక్చా మనిషిని చూశాడా అని. అడిగా. ఎవడూ చూడలేదు. ఆ ఏడాది సెలవు వాళ్ళ ఊళ్ళకే అనుకున్నా.

అనుకోవడం తేలికే. వాళ్ళుండే చుకోత్కా సరిహద్దు ప్రాంతం, విదేశీయులు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. నాకు రెండు నెలల పైనే పట్టింది. ఆ కాగితాలూ, ఊళ్ళో బసా, దారిలో బళ్ళూ అన్నీ తనే చూసుకుంటానని ఒక ట్రావెల్ ఏజెంటు ముందుకొచ్చాడు. పేరు చెప్పను. అతని రంగుల కరపత్రంలో యారంగా ఉంది. యారంగా అంటే రెయిన్‌డీర్ తోళ్ళతో కట్టే గుండ్రటి గుడారం. దాని ముందు నవ్వుతున్న ముసలమ్మ ఉంది. 'తిమింగలాల వేట చూపిస్తాం, ఖాయం' అని పెద్దక్షరాల్లో ఉంది. సముద్రం దగ్గర ఖాయం అనే మాట వాడేవాణ్ణి నమ్మకూడదని మా నాన్న చెప్పేవాడు. నేను నమ్మి డబ్బు కట్టా.

మాస్కో నుంచి చుకోత్కా ముఖ్యపట్నం అనాదిర్‌కి విమానంలో ఎనిమిది గంటల పైన. దిగేసరికి గడియారం తొమ్మిది గంటలు ముందుకి తిప్పుకోవాలి. ఇంత ప్రయాణం చేసినా దేశం దాటలేదు, అదీ రష్యా. చుకోత్కా వైశాల్యం సుమారు 7.2 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్ర, తెలంగాణ కలిపినా అందులో సగానికి రావు. అంత నేల మీద జనం 50 వేలు కూడా లేరు. చుక్చాలు రష్యా మొత్తం మీద పదహారు వేల చిల్లర, వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే. విమానాశ్రయం ఒక ఒడ్డున, పట్నం ఇంకో ఒడ్డున. మధ్యలో నదీముఖం. ఎండాకాలంలో పంటు మీద దాటిస్తారు, చలికాలంలో గడ్డకట్టిన నీటి మీద కార్లే పోతాయి. పంటు మీద నిలబడితే నీళ్ళలో తెల్లటి వీపులు తేలాయి, మునిగాయి. బెలూగాలు, తెల్ల తిమింగలాలు. కోటిపల్లి రేవులో పంటెక్కినప్పుడు ఎవరూ గోదావరి కేసి చూడరు చూడండి, అలాగే పక్కనున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

అనాదిర్ నుంచి లావ్రెంతియాకి చిన్న విమానం. పొగమంచు వల్ల నాలుగు రోజులు కదల్లేదు. ఇది ఎవరి తప్పూ కాదు, అక్కడ విమానం చెప్పిన రోజున ఎగిరితేనే విశేషం. తప్పల్లా ఏజెంటుది. పది రోజుల కార్యక్రమంలో ఒక్క రోజైనా ఖాళీ వదల్లేదు. పోయిన నాలుగు రోజుల బస డబ్బు తిరిగివ్వమంటే 'ప్రకృతి వైపరీత్యం' అన్నాడు. వెళ్ళేవాళ్ళు అటూ ఇటూ కలిపి కనీసం వారం చేతిలో ఉంచుకోండి. రిటర్న్ టికెట్ మార్చుకోగలిగేదే కొనండి.

లావ్రెంతియా నుంచి లోరినోకి సుమారు 40 కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఇది విని పెదవి విరవకండి. చుకోత్కాలో రెండు ఊళ్ళ మధ్య ఏడాది పొడవునా ఉండే రోడ్డంటే ఆస్తి కింద లెక్క. మిగతా చాలా ఊళ్ళకి హెలికాప్టరో, పడవో, మంచు పడ్డాక స్నో మొబైలో. ఉరాల్ లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నా. ఆగస్టు చివరి రోజులు, టండ్రా అంతా ఇటిక రంగుకి తిరిగింది. ఒక్క చెట్టు లేదు. ఉన్నాయి, కానీ చీలమండ దాకానే. అక్కడి పొట్టి బర్చ్ చెట్ల కన్నా పుట్టగొడుగులే ఎత్తుగా ఉంటాయని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు. బండి ఆపి చూపించాడు కూడా. నిజమే.

లోరినో జనాభా 1,400 పైచిలుకు. ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణాన, బేరింగ్ సముద్రం ఒడ్డున, గట్టు మీద ఉంటుంది. చుక్చాల ఊళ్ళలో ఇదే పెద్దది అంటారు. ఇళ్ళు పసుపు, నీలం, ఎరుపు రంగుల్లో పిల్లల డ్రాయింగు పుస్తకంలా ఉన్నాయి. కింద నేల ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి భవనాలు నేలకి ఆనవు, స్తంభాల మీద నిలబడతాయి. ఇంటి వేడి తగిలి నేల కరిగితే గోడలు పగులుతాయి. పైపుల్ని కూడా పాతిపెట్టలేరు. చెక్క పెట్టెల్లో చుట్టి నేల మీదే లాగారు. వాటి మీద పిల్లలు వంతెన మీద నడిచినట్టు నడిచి బడికి పోతున్నారు.

ఇక బస. తలుపు తీసిన పెద్దావిడ 'యెత్తి' అంది. అది వాళ్ళ నమస్కారం. మాటకి మాట అర్థం చెప్పుకుంటే 'వచ్చావు' అని. దానికి 'ఈ' అనాలట, అంటే అవునని. మాస్కోలో ఏడేళ్ళుగా ఎన్ని పలకరింపులు విన్నానో, ఒక్కటీ మా అమ్మ గుమ్మంలో అడిగే 'వచ్చావా?' లా అనిపించలేదు. ఇదొక్కటే అనిపించింది. నేను మర్యాదగా 'బాబుష్కా' అన్నా, అంటే మామ్మగారూ అని. ఆవిడ మొహం మాడ్చుకుంది. 'నాకు అరవై మూడే' అంది. అప్పట్నుంచి త్యోత్యా అన్నా, మన పిన్ని అనుకోండి. ఆవిడ నన్ను సినోక్ అనేది, అంటే బాబూ అని. బడి హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. భర్త ఒకప్పటి వేటగాడు, మోకాళ్ళు పోయి ఇంట్లో దంతం చెక్కుతూ కూర్చుంటాడు. కొడుకు వేట బ్రిగేడులో, అంటే ఊరి వేటగాళ్ళ జట్టులో ఉన్నాడు. ఇద్దరు మనవళ్ళు, ఒక టాబ్లెట్, దాని కోసం యుద్ధం.

గది శుభ్రంగా ఉంది. మంచం పొట్టిది. వేడినీళ్ళు నేనున్న ఆరు రోజుల్లో రెండు రోజులే వచ్చాయి. తాగే నీళ్ళు వంటింట్లో డ్రమ్ములో ఉంటాయి, ముంచుకోవాలి. మరుగుదొడ్డి బకెట్టు పద్ధతి. దాని గురించి ఇంతకన్నా రాయను, మీరు ఊహించుకుని నిర్ణయం తీసుకోండి. ఇంటర్నెట్ నత్తనడక. రాత్రిళ్ళు కుక్కలు. ఊరి చివర బండి లాగే కుక్కల్ని గొలుసులతో వరసగా కట్టేస్తారు, ఒకటి మొదలెడితే వందా అందుకుంటాయి. మొదటి రాత్రి నిద్ర లేదు. మూడో రాత్రికి ఆ కచేరీ లేకపోతే మెలకువ వచ్చింది. సదుపాయాలకి మూడు మార్కులు, అవి కూడా త్యోత్యా మొహం చూసి.

భోజనానికి అయిదుకి అయిదు, కానీ శాకాహారులు ఈ పేరా చదవకండి. పొద్దున టీ, రొట్టె, గట్టిపాలు. మధ్యాహ్నం సీల్ మాంసం పులుసో, తిమింగలం మాంసం కట్లెట్లో. రాత్రి చేప. మొదటి రోజు నా పళ్ళెంలో మంతాక్ పెట్టింది. తిమింగలం చర్మం, దానికి అంటుకున్న కొవ్వు. నల్లటి పొర కింద గులాబీ రంగు పొర, చిన్న ముక్కలుగా తరిగి, పచ్చిదే, పక్కన ఉప్పు. నమిలితే మొదట సైకిల్ ట్యూబు. ఓపిక పడితే లోపల్నుంచి లేత కొబ్బరి లాంటి కమ్మదనం దిగుతుంది. ఆకుకూరలు మొలవని చోట వాళ్ళ తాతముత్తాతలకి సి విటమిన్ దొరికింది ఈ పచ్చి చర్మంలోనే. నేను బ్యాగులోంచి ఆవకాయ సీసా తీశా. మంతాక్ మీద ఆవకాయ నూనె. ఇంట్లో అందరూ నా వైపు చూశారు. పెద్దాయన చెయ్యి చాపాడు. ఒక్క ముక్క తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు.

కొపాల్హెన్ కూడా రుచి చూస్తానని నేనే అడిగా. త్యోత్యా ఒప్పుకోలేదు. వాల్రస్ (పొడుగాటి దంతాలుండే సముద్ర జంతువు) మాంసాన్ని కొవ్వుతో, తోలుతో కలిపి చుట్టచుట్టి కుట్టి, గడ్డనేలలో తవ్విన గోతిలో నెలల తరబడి ఊరబెడతారు. చిన్నప్పట్నుంచీ తిన్నవాళ్ళకి అది చలికాలపు ప్రాణం. అలవాటు లేని కడుపుకి విషమై మనుషులు పోయిన సందర్భాలున్నాయి. 'నువ్వు నా వంటింట్లో చస్తే ఎన్ని కాగితాలు రాయాలో తెలుసా?' అంది. ఇలాంటి ఆతిథ్యానికి అర మార్కు ఎక్కువే ఇవ్వాలి.

రెండో రోజు గాలీ వానా. వేట లేదు. మూడో రోజు తెల్లారేసరికి గాలి తగ్గింది, ఊళ్ళో ఆడవాళ్ళూ పిల్లలూ బకెట్లు పట్టుకుని గులకరాళ్ళ ఒడ్డుకి దిగారు. నేనూ వెళ్ళా. పెద్ద అలలు వచ్చిపోయాక సముద్రపు పాచి, ఎర్రటి తోలుతిత్తి లాంటి ఆస్కిడియాలనే జీవులు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. వాటిని కోసి, ఉప్పునీళ్ళతోనే కడిగి అక్కడే తినేస్తారు. తుఫాను వెళ్ళిన మర్నాడు మా ఉప్పాడ ఒడ్డున కూడా జనం ఇలాగే వంగి ఏరుతుంటారు. మావాళ్ళు ఏరేది ఇసుకలో బంగారు రవ్వలు. ఈ సంగతి త్యోత్యాకి చెబితే అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించి, 'బంగారం తినలేరు కదా' అంది. మాకూ దొరికేది తక్కువేలెండి.

ఆ మధ్యాహ్నమే పడవలు కదిలాయి. కరపత్రంలో నన్ను వేట పడవలో ఎక్కిస్తామని ఉంది. కొడుకు ఆ కాగితం చూసి నవ్వాడు. 'మీ నాన్న టూరిస్టుని ఎక్కించుకునేవాడా?' అనడిగాడు. నోరు మూసుకుని బైనాక్యులర్స్ పట్టుకుని గట్టు మీద కూర్చున్నా. పూర్వం వాల్రస్ తోలు బిగించిన బైదారా పడవల మీద వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు అల్యూమినియం, ఫైబరు బోట్లు, వెనకాల యమహా ఇంజన్లు. ఇంజను స్టార్ట్ చేసే ముందు చేత్తో రెండుసార్లు తట్టడం కూడా మా అన్నలాగే. హార్పూను, అంటే విసిరే ఈటె, దానికి తాడు, తాడు చివర బెండు. మా వలకి బెండ్లు ఎందుకో ఇక్కడా అందుకే. ఒకప్పుడు సీల్ తోలుని సంచిలా ఊది కట్టేవాళ్ళు, ఇప్పుడు ఎర్రటి ప్లాస్టిక్ బెండ్లు. తిమింగలానికి ఒక్కో బెండూ తగులుతున్నకొద్దీ లోతుకి మునగలేదు, అలిసిపోతుంది. అప్పుడు దగ్గరికి వెళ్ళి తుపాకీ వాడతారు. చూడ్డానికి అందంగా ఉండదు. రెండు గంటలకి పైగా పట్టింది. మధ్యలో ఒకసారి అది తిరగబడి ఒక పడవ వైపు వచ్చింది. నా పక్కన నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మాటలాపేశారు. ఆ మౌనం నాకు తెలుసు. తుఫాను రోజుల్లో మా అమ్మా, మా పెదనాన్న భార్యా ఒడ్డున నిలబడి పాటించేది అదే.

ఎదురు గాలిలో దాన్ని లాక్కొచ్చేసరికి సాయంత్రమైంది. ట్రాక్టరు గొలుసేసి ఒడ్డుకి లాగింది. బూడిద తిమింగలం, తొమ్మిది మీటర్లుంటుంది. వీపంతా సముద్రపు పొక్కులు. ఊరు ఊరంతా దిగింది. పొడుగాటి కర్రలకి కట్టిన కత్తులతో బ్రిగేడువాళ్ళు పలకలు పలకలుగా కోస్తున్నారు, జనం బకెట్లు, గోనెసంచులు, పిల్లల బళ్ళు పట్టుకుని వచ్చి ఎవరికి కావలసింది వాళ్ళు కోసుకుపోతున్నారు. నా నోటి వెంట అలవాటుగా వచ్చేసింది: 'కిలో ఎంత?' పక్కనున్నాయనకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగా. ఆయన ఇంకొకాయనకి చెప్పాడు, ఆయన మరొకరికి. కాసేపట్లో తిమింగలం చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. మా రేవులో పడవ ఇంకా ఇసుకకి తగలకముందే వేలం పాట మొదలవుతుంది. అప్పు ఇచ్చిన దళారీ ముందే నిలబడి ఉంటాడు, ఏ చేపకి ఎంతో అతనే చెబుతాడు. ఇక్కడ దళారీ లేడు, పాట లేదు. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం వీళ్ళకి ఇచ్చిన అనుమతే స్థానికులు తినడానికి, వ్యాపారానికి కాదు. చుకోత్కా తీరం మొత్తానికి ఏడాదికి 140 లోపు బూడిద తిమింగలాలు, దాన్ని ఊళ్ళు పంచుకుంటాయి. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉన్నట్టు వీళ్ళకి ఈ లెక్క. ఆ లెక్క ఎవరు రాస్తారు, ఎవరికి పంపుతారు అని నేనడిగితే, మీకు నిషేధంలో ఇల్లెలా గడుస్తుందని కొడుకు అడిగాడు. ఇద్దరం చీకటి పడేదాకా అదే మాట్లాడుకున్నాం. ఏజెంటు కార్యక్రమంలో ఈ గంట లేదు.

ఒక సంగతి ఇంకెక్కడా వినలేదు. కొన్ని తిమింగలాలకి మందుల వాసన వస్తుందట, ఆస్పత్రి వార్డులోలాగ. ఆ మాంసం కుక్కలు కూడా ముట్టవు. కారణం ఇదీ అని తేలలేదు. అందుకే కొట్టే ముందు అది వదిలే ఊపిరి గాలిని వాసన చూస్తారు. పాతికేళ్ళ కుర్రాడు ఎగిరే పడవ ముక్కు మీద నిలబడి తిమింగలం ఊపిరిని వాసన చూడ్డం నా కళ్ళారా చూశా.

ఆ రాత్రి పెద్దాయన ఎక్కువ మాట్లాడాడు. అప్పటిదాకా ఆయన నాతో అన్నవి పది మాటలు కూడా ఉండవు. 1969 నుంచి జ్వ్యోజ్ద్‌నీ అని ఒక ఓడ తిరిగేదట. అదే అన్ని ఊళ్ళకీ తిమింగలాల్ని వేటాడి తెచ్చి ఒడ్డున వదిలేసేది. ఊళ్ళో వాళ్ళు కోసుకోవడమే. మాంసంలో చాలా భాగం సర్కారువాళ్ళ నక్కల ఫారానికి పోయేది, లోరినో అప్పట్లో తెల్లనక్కల తోళ్ళకి పేరు. 'మా నాన్న హార్పూను విసిరేవాడు. నేను నక్కలకి మేత కోశాను' అన్నాడు. సోవియట్ యూనియన్ పోయింది, ఓడ ఆగిపోయింది, జీతాలు ఆగిపోయాయి, ఓడరేవుకి సరుకు రావడం తగ్గిపోయింది. ఆకలేసింది. 1990లలో మిగిలిన ముసలివాళ్ళని అడిగి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నారు. ఎక్కడ పొడవాలి, తాడు ఎలా చుట్టాలి, ఎప్పుడు దగ్గరికి పోకూడదు. నలభై దాటాక నేర్చుకున్నానన్నాడు. నేను మా నాన్న దగ్గర ఏం నేర్చుకోలేదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

మిగతావి త్వరగా. యారంగా చూపిస్తామన్నది ఒట్టి మాట. యారంగాలు టండ్రాలో రెయిన్‌డీర్లు కాసేవాళ్ళ దగ్గర ఉంటాయి, రోజుల ప్రయాణం. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు వేరు, మందలతో తిరిగేవాళ్ళు వేరు. ఇద్దరూ చుక్చాలే, పేర్లు కూడా వేరు: అంకాలిన్, చావ్‌చు. బదులుగా ఊరి సాంస్కృతిక భవనంలో గంట నాట్యం పెట్టారు. వాల్రస్ కడుపు పొరతో బిగించిన యారార్ డప్పు, పక్షుల్లా చేతులు ఆడించే ఆడవాళ్ళు. బాగుంది. కానీ వాళ్ళందరూ డ్యూటీ అయ్యాక వచ్చినవాళ్ళు, ఒకావిడ మధ్యలో ఆవలించింది. ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే, సిగ్గేసింది. ఊరికి దగ్గర్లో వేడినీటి బుగ్గలున్నాయి, వీలైతే వదలొద్దు. రెండు రోజుల బకెట్టు స్నానం తర్వాత అది కాశీయాత్రే.

ఊరి కొట్టు గురించి చెప్పాలి. సరుకంతా ఎండాకాలంలో మంచు కరిగిన నాలుగు నెలల్లో ఓడల మీద వస్తుంది, ఏడాదికి సరిపడా. బియ్యం, గోధుమరవ్వ, మకరోనీ, డబ్బా మాంసం పుష్కలం. ఆపిల్ పండుని చూడాలంటే కళ్ళతో చూసి వచ్చేయాలి, ధర మాస్కోకి మూడు నాలుగింతలు. నేను మాస్కో నుంచి మోసుకెళ్ళిన నాలుగు కిలోల ఉల్లిపాయలు, రెండు డజన్ల నిమ్మకాయలు ఏ చాక్లెట్ కన్నా విలువైన కానుకలయ్యాయి. మందుసీసాలు మాత్రం పట్టుకెళ్ళకండి, ఆ ఊళ్ళు దాని వల్ల పడ్డ బాధ చాలు. కొట్లో టీపొడి అరల దగ్గర పెద్దాయన నన్ను ఆపి, ఏనుగు బొమ్మ ఉన్న ఇండియా టీ ఇప్పుడెందుకు రావట్లేదని నిలదీశాడు. సోవియట్ కాలంలో ఆ పసుపు పెట్టె ఇంటింటా ఉండేది. రష్యాలో ఏ పెద్దవాళ్ళైనా నన్ను చూడగానే రాజ్ కపూర్ అంటారు. ఏనుగు టీ గురించి అడిగింది ఈయనొక్కడే. రోజుకి పదిహేను కప్పులు తాగే మనిషికి ఆ బెంగ ఉండదా?

భాష మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఒకే మాటని ఆ ఇంట్లో ఆవిడ ఒకలా, ఆయన ఒకలా పలకడం విని ఎవరిదో యాస అనుకున్నా. కాదు. చుక్చా భాషలో మగవాళ్ళు 'ర' అనే చోట ఆడవాళ్ళు 'త్స' అంటారు, అదే పద్ధతి. లెక్క ఇరవైలతో. ఇరవై అనే మాటకి మూలం 'మనిషి': రెండు చేతులు, రెండు కాళ్ళు, ఉన్న వేళ్ళన్నీ. త్యోత్యా అల్లిక కుట్లు అలాగే లెక్కపెట్టేది. మనవళ్ళు మాత్రం టాబ్లెట్‌తో రష్యన్‌లోనే తిట్టుకుంటారు. మాస్కో నించి పండక్కి వెళ్తే మా అన్న కూతురు నాతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది, కాబట్టి నేనేం అనలేదు. ఇంతకీ ఆరు రోజుల్లో 'అద్నాకా' అన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

డబ్బు విషయం. వెళ్ళే ముందు రోజు రాత్రి టీ తాగుతూ, నా బసకి ఏజెంటు ఎంతిచ్చాడని త్యోత్యాని అడిగా. చెప్పడానికి మొహమాటపడింది. చెప్పాక నేనే తలదించుకోవాల్సి వచ్చింది. నేను బసకీ భోజనానికీ కట్టినదాంట్లో మూడో వంతు కూడా ఆవిడ చేతికి రాలేదు, అది కూడా నవంబరులో ఇస్తాడట. ఒడ్డున తిమింగలం దగ్గర లేని దళారీ ఇక్కడ దొరికాడు. అందుకే అతనికి ఒక నక్షత్రం, అది కూడా అనుమతి కాగితం తెచ్చిపెట్టినందుకు. వెళ్ళాలనుకునేవాళ్ళు అనుమతి పని ఒక్కటే వేరేవాళ్ళకి అప్పగించి, బస డబ్బు నేరుగా ఇంటివాళ్ళకే ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. బేరమాడకండి. రష్యన్ రాకపోతే తోడు ఎవరైనా ఉండాలి, ఇంగ్లీషు పని చెయ్యదు. వాల్రస్ దంతం బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, ఇక్కడికి ఉత్తరాన ఉయెలెన్‌లో 1931 నుంచి చెక్కడాల కార్ఖానా నడుస్తోంది. కానీ సరైన కాగితాలు లేకుండా దేశం దాటించాలని చూస్తే విమానాశ్రయంలో ఇరుక్కుంటారు. ఒంటరిగా ఒడ్డు వెంట దూరం పోకండి, కళేబరాల వాసనకి ఎలుగుబంట్లు దిగుతాయి.

ఆవకాయ సీసా అక్కడే వదిలేసి వచ్చా, సగం పైనే మిగిలింది. నాలుగు వారాలకి కొడుకు ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. లైను గరగరలాడుతోంది, వెనకాల టీవీ. త్యోత్యా గొంతు. సీసా అయిపోయిందట. పెద్దాయన అడగమన్నాడట: ఊట అంతా తిన్నాక అడుగున గట్టి పెచ్చులు మిగిలాయి, కత్తికి లొంగట్లేదు, వాటిని ఊరబెట్టాలా, ఉడకబెట్టాలా, ఎన్నాళ్ళు? మామిడి టెంకలు. ఈలోపే ఒకదాని మీద ఆయన చిన్న సీల్ బొమ్మ చెక్కేశాడట, ఫోటో పంపింది.